కొత్త జాతికి చెందిన మొదటి జంతువు ఎలా పుడుతుంది?

జిజ్ఞాస:
ఏ జంతువైనా తన తల్లిదండ్రుల జాతిలోనే పుడుతుంది కదా. అలాంటప్పుడు కొత్త జాతికి చెందిన మొట్టమొదటి జంతువు ఎలా వచ్చింది, దానికి జత ఎక్కడ దొరికింది? సముద్రమో కొండో అడ్డం వచ్చి ఒక గుంపు రెండుగా విడిపోతే జాతులు ఏర్పడతాయని చదివాను గాని, అడ్డు రావడానికీ జాతి వేరవడానికీ మధ్య ఏం జరుగుతుందో వివరంగా ఎక్కడా కనిపించలేదు.

నీలిపిట్ట:
మొట్టమొదటి జంతువు అంటూ ఏదీ ఉండదండీ; మొత్తం జనాభా నెమ్మదిగా మారుతుంది. రెండు గుంపుల మధ్య సంకరం (జత కట్టి పిల్లల్ని కనడం) ఆగిపోతే ఒక వైపు పుట్టిన ఉత్పరివర్తనాలు, అంటే జన్యువుల్లో వచ్చే మార్పులు, రెండో వైపుకు చేరవు. తరాలు గడిచేకొద్దీ ఆ తేడాలు పేరుకుపోయి, మళ్లీ ఎదురుపడినా సంతానం కలగని స్థితి రావచ్చు. ఉత్తర, దక్షిణ అమెరికాలను కలిపే సన్నని నేల అయిన పనామా భూసంధి దగ్గర ఈ దశలన్నీ కనిపిస్తాయి. సుమారు 30 లక్షల ఏళ్ల కిందట ఆ నేల పూర్తిగా పైకి తేలి కరీబియన్ సముద్రాన్ని పసిఫిక్ నుంచి వేరు చేసిందని ఎక్కువమంది అంచనా. అయితే అది తలుపు వేసినట్టు ఒక్కసారిగా జరగలేదు. నేల మెల్లగా పైకి లేచేకొద్దీ, లోతు నీటిలో ఉండే పిస్టల్ రొయ్యలు (ఒక రకం చిన్న రొయ్యలు) ముందే విడిపోయాయి, మడ అడవుల్లో ఉండేవి చివరిదాకా కలుస్తూ వచ్చాయి. అందుకే రెండు తీరాల డీఎన్ఏను పోల్చి చూస్తే మడ రొయ్యల్లో తేడా తక్కువగా, లోతు రొయ్యల్లో ఎక్కువగా ఉంటుంది. రెండు తీరాల ఆడ, మగ రొయ్యలను ఒకే తొట్టిలో ఉంచితే తరచుగా కొట్లాటకు దిగుతాయే గాని, పిల్లలయ్యే గుడ్లు పెట్టడం చాలా అరుదు.

అడవిదారి:
దీనికి ఒక్క మాట చేరుస్తాను: అడ్డు తప్పనిసరి కాదు. ఉత్తర అమెరికాలో హాథార్న్ అనే ముళ్ల చెట్టు కాయల్లో పెరిగే ఒక పండుఈగ, వలస వచ్చినవారు నాటిన ఆపిల్ చెట్లకు 19వ శతాబ్దం మధ్యలో అలవాటు పడింది. ఈ ఈగలు తాము పెరిగిన పండు వాసననే వెతుక్కుంటూ వెళ్లి, ఆ పండు మీదే జత కడతాయి. పైగా ఆపిల్ ముందుగా పండుతుంది కనుక ఆపిల్ ఈగలు మట్టిలోంచి ముందే బయటికి వస్తాయి. పక్కపక్క చెట్ల మీద ఉంటూనే అవి వేరవుతున్నాయి. తరతరానికీ కొద్దిపాటి సంకరం ఇంకా సాగుతోంది కాబట్టి వీటిని వేర్వేరు జాతులనడం మాత్రం నా దృష్టిలో తొందరపాటే.

జిజ్ఞాస:
ఇద్దరికీ ధన్యవాదాలు. ఇలా వేరుపడటం ఎవరైనా మొదటినుంచీ కళ్లారా చూశారా?

నీలిపిట్ట:
పసిఫిక్ సముద్రంలోని గాలాపగోస్ దీవుల్లో ఒకటైన డాఫ్నే మేజర్ దీవిలో పీటర్, రోజ్‌మేరీ గ్రాంట్ అనే జీవశాస్త్రవేత్త దంపతులు చూశారు. 1981లో, 100 కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న ఎస్పనోలా దీవి నుంచి ఒక మగ ఫించ్ (పిచ్చుకలాంటి చిన్న పక్షి) వచ్చి స్థానిక ఫించ్‌తో జత కట్టింది. ఫించ్ పిల్లలు తండ్రి పాటనే నేర్చుకుంటాయి. పాటా, ముక్కు పరిమాణమూ వేరుగా ఉండటంతో దాని సంతతి కొద్ది తరాల్లోనే తమలో తామే జత కట్టసాగింది. మధ్యలో వచ్చిన కరవుకు ఒక ఆడ, ఒక మగ తోబుట్టువులు రెండే మిగిలాయి, ఆ వంశం వాటితోనే కొనసాగింది.