మా రోడ్డును సీనిక్ రోడ్ చేస్తారట, ఒప్పుకోవచ్చా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. పశ్చిమ మసాచుసెట్స్‌లో, ఫ్రాంక్లిన్ కౌంటీలోని ఒక చిన్న ఊళ్ళో పోయినేడాది ఇల్లు కొన్నాం. ఇంటి ముందు పాత రాతిగోడ, దాని వెంబడి నాలుగు పెద్ద మేపుల్ చెట్లు. వచ్చే టౌన్ మీటింగ్‌లో, అంటే ఊరి ఓటర్ల సభలో, మా రోడ్డును సీనిక్ రోడ్‌గా (అందం కాపాడాల్సిన దారిగా) ప్రకటించే తీర్మానం పెడుతున్నారు. పక్కింటి పెద్దావిడ వచ్చి మద్దతు ఇవ్వమన్నారు. మాకేమో రెండో డ్రైవ్‌వే వేయించాలని ఉంది. అది ఆగిపోతుందా? ఇంటికి రంగు వేయాలన్నా పర్మిషన్ అడగాలా? పైగా మంచు కరిగే రోజుల్లో ఈ రోడ్డంతా బురద. ఆ పేరు పెడితే ఇక బాగుచేయరని ఒకాయన అంటున్నారు. తెలిసినవాళ్ళు చెప్పండి.

జవాబు:
ఇంటి రంగుకీ దీనికీ సంబంధం లేదండీ, ఆ భయం వదిలేయండి. ఇది రాష్ట్ర చట్టంలో 40వ చాప్టర్, సెక్షన్ 15సి. పట్టుమని ఒక పేజీ ఉంటుంది, మీరే చదవండి. అది కాపాడేది రెండింటినే: రోడ్డు హద్దులోపలి చెట్లు, రాతిగోడలు. రోడ్డు రిపేరుకో, తారు వేయడానికో వాటిని కొట్టాలన్నా పడగొట్టాలన్నా ముందు ఊరి ప్లానింగ్ బోర్డు బహిరంగ విచారణ పెట్టి రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. విచారణ ప్రకటన పేపర్లో రెండుసార్లు రావాలి, రెండోది కనీసం 7 రోజుల ముందు. కాబట్టి వేసవిలో పని పెట్టుకుంటే చలికాలంలోనే దరఖాస్తు ఇవ్వండి.

అసలు చిక్కు హద్దు దగ్గరే. రోడ్డు హద్దంటే తారు అంచు కాదు. పాత రోడ్లకు తారు సన్నగా ఉన్నా, ఊరికి చెందిన స్థలం రెండు పక్కలా ఇంకా లోపలికి ఉంటుంది. మీ గోడ అందులో ఉందో, మీ స్థలంలో ఉందో ముందు తేల్చుకోవాలి. రిజిస్ట్రీ ఆఫ్ డీడ్స్‌లో (భూమి దస్తావేజుల ఆఫీసు) మీ ఇంటి సర్వే ప్లాన్ తీయించండి. రికార్డుల్లో హద్దు తేలకపోతే, కాదని రుజువయ్యేదాకా ఆ చెట్టు ఊరిదే అంటుంది ఊరి చెట్ల గురించిన 87వ చాప్టర్. ఊరి చెట్టయితే సీనిక్ రోడ్ అన్నా అనకపోయినా, కొట్టడానికి ట్రీ వార్డెన్ (ఊరి చెట్లు చూసుకునే అధికారి) విచారణ ఎలాగూ తప్పదు. మీ డ్రైవ్‌వేకి కొత్తగా తోడయ్యేది ముఖ్యంగా గోడ సంగతే. రెండూ ఉంటే రెండు విచారణలూ ఒకేసారి పెట్టేస్తారు.

మా అనుభవం చెబుతా. డ్రైవ్‌వే కోసం 12 అడుగుల గోడ తీయడానికి మా బోర్డు సరేనంది. కాంట్రాక్టరు మెషిన్ తిప్పుకోవడానికని ఇంకో 6 అడుగులు లాగేశాడు. తిరిగి కట్టమన్నారు. అడుసూ సిమెంటూ లేకుండా, పొలాలు చదును చేసిన రైతులు పేర్చిన రాళ్ళవి. నాచు పట్టిన ముఖం బయటికి ఉండేలా ఒక్కొక్క రాయీ తిప్పి చూసుకుంటూ పేర్చేసరికి నాకు నాలుగు వారాంతాలు పట్టింది. అందుకే చెబుతున్నా, తీయబోయే భాగానికి రెండు చివర్లా మేకులు కొట్టి తాడు కట్టండి. పని మొదలయ్యే రోజు అక్కడే ఉండండి. జరిమానా 300 డాలర్లు దాటకూడదని చట్టంలో ఉంది గానీ, అసలు నష్టం ఆ గోడ.

ఇంకొకరు:
మా ఇంటి దగ్గర రూట్ 2, మోహాక్ ట్రైల్, కూడా సీనిక్ బైవే అని బోర్డు ఉంది. ఇదీ అదీ ఒకటేనా?

జవాబు:
కాదండీ. మోహాక్ ట్రైల్ 1914లో కార్లలో విహారానికి వచ్చేవాళ్ళ కోసం తెరిచిన దారి. అది నంబరున్న రాష్ట్ర రహదారి, దాన్ని 15సి కింద ఊరు ప్రకటించడానికి వీల్లేదు. బైవేలది వేరే పద్ధతి. ఫెడరల్ కార్యక్రమం 1991 చట్టంతో వచ్చింది. ప్రకృతి, చరిత్ర, సంస్కృతి లాంటి ఆరు విశేషాల్లో ఒకటైనా ఉంటే నేషనల్ సీనిక్ బైవే, రెండుంటే ఆల్ అమెరికన్ రోడ్. దారి పొడవునా ఉన్న ఊళ్ళన్నీ కూర్చుని కారిడార్ ప్లాన్ రాసుకోవాలి.

ఇక బురద సంగతి. సీనిక్ రోడ్ అయినంత మాత్రాన రాష్ట్రం ఊళ్ళకిచ్చే చాప్టర్ 90 రోడ్డు నిధులు తగ్గవని ఆ 15సి సెక్షన్‌లోనే రాసి ఉంది, ఇక బాగుచేయరన్న ఆయనకు చూపించండి. 26 ఊళ్ళకు కలిపి ఫ్రాంక్లిన్ రీజనల్ కౌన్సిల్ ఆఫ్ గవర్నమెంట్స్ ఏటా తయారుచేసే ఐదేళ్ళ టిప్ (రవాణా పనుల) జాబితా ఉంది గానీ, ఫెడరల్ డబ్బుతో చేసే పనులు అందులోకి వస్తాయి. లోకల్ తరగతి రోడ్డుకు మామూలుగా ఆ డబ్బు రాదు. మీరు అడగాల్సింది ఊరి హైవే సూపరింటెండెంట్‌ని. పక్క కాలవ పూడిందా, కల్వర్టు మూసుకుపోయిందా, దగ్గరుండి చూపించండి.

మొదట అడిగినవారు:
చాలా థాంక్స్ అన్నా. మేమింకా వీసా మీదే ఉన్నాం, మాకు ఓటు ఉంటుందా?

జవాబు:
ఉండదు. టౌన్ మీటింగ్‌లో ఓటు రిజిస్టరైన ఓటర్లకే. మాట్లాడాలనుకుంటే సభ నడిపే మోడరేటర్‌ని ముందే అడగండి, చాలాచోట్ల అనుమతిస్తారు. ప్లానింగ్ బోర్డు విచారణలో మాత్రం ఎవరైనా మాట్లాడొచ్చు. ఈలోగా సర్వే ప్లాన్ పట్టుకుని ఆ పెద్దావిడ దగ్గరికి వెళ్ళండి. గోడ ఎక్కడ తీయాలనుకుంటున్నారో నిలబడి చూపించండి. రెండు చెట్ల మధ్య ఎంత ఖాళీ ఉందో టేపుతో కొలిచి, ఆ ఫొటో ఇక్కడ పెడితే చెట్టు కొట్టకుండా దారి వస్తుందేమో చూద్దాం.