చర్చ: తొలి నవల 160 కాపీలు ఊరికే పంచాను. తప్పు చేశానా?

ఎర్రమట్టి (మహబూబ్‌నగర్):
నా మొదటి నవల వచ్చి నాలుగు నెలలైంది. నిన్న రాత్రి కూర్చుని లెక్క రాసుకున్నాను. ఆ తర్వాత నిద్ర పట్టలేదు. అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

192 పేజీలు, అంటే 16 పేజీల ఫారాలు 12. 500 కాపీలు వేయించాను. డీటీపీ (కంప్యూటర్‌లో పేజీలు కూర్చడం), ప్రూఫులు, ముఖచిత్రం, అచ్చు, బైండింగ్ అన్నీ కలిపి 52,000 అయ్యాయి. హైదరాబాద్‌లో ఆవిష్కరణ సభకు హాలు, ఫ్లెక్సీ, శాలువాలు, టిఫిన్లు మరో 14,000. వెల 180 రూపాయలు. సభ రోజు 150కి ఇస్తే 61 పోయాయి. ఫోన్ చేసి తెప్పించుకున్నవాళ్లు 48 మంది. షాపుల్లో 34 అమ్ముడయ్యాయట. 40 శాతం కమీషన్ పోను కాపీకి 108 రావాలి, ఇంకా చేతికి రాలేదు. పత్రికలకు, విమర్శకులకు, కవులకు, సభకు వచ్చిన పెద్దలకు ఊరికే ఇచ్చినవి 160. మిగిలిన 197 అట్టపెట్టెల్లో మా మంచం కింద ఉన్నాయి.

ఆ 160 మందిలో చదివి మాట్లాడినవాళ్లు 11 మంది. ఒక పత్రికలో 'స్వీకారం' అని అందిన పుస్తకాల జాబితా కింద పేరు, వెల వేశారు. మా ఆయన ఒక్క మాట కూడా అనలేదు కానీ అది పాప హాస్టల్ ఫీజుకు దాచిన డబ్బు. మా వైపు నుంచి బొంబాయికి, పుణెకు వలస పోయే కూలీల కథ ఇది. ఆరేళ్లు రాశాను. ఉచితంగా పంచడం తప్పా? కొత్తగా రాసేవాళ్లకు వేరే దారి ఉందా?

నక్రేకల్ సైకిల్:
తప్పే చెల్లె. 52,000ని 500తో భాగిస్తే కాపీ 104 పడింది. 160 కాపీలంటే 16,640 రూపాయలు. సభ ఖర్చుకన్నా ఎక్కువ డబ్బు పంచిపెట్టావు.

నేను 2011లో కథల పుస్తకం వేసి 300 పంచాను. రెండేళ్ల తర్వాత ఒక మిత్రుడు ఫోన్ చేసి, "నువ్విచ్చింది ఇల్లు మారినప్పుడు పోయింది, ఇంకోటి పంపు" అన్నాడు. ఆ ఇంట్లో స్టీలు గ్లాసు కూడా పోయి ఉండదు. నా పుస్తకం పోయింది. ఆ రోజు నుంచి సొంత తమ్ముడికైనా సరే వెల తీసుకునే ఇస్తున్నాను.

తంగేడుపువ్వు:
రెండోసారి అడిగాడంటే చదవాలనుకున్నాడనే కదా సార్?

నక్రేకల్ సైకిల్:
చదవాలనుకున్నవాడు రెండేళ్లు ఆగుతాడా అమ్మా? ఎవరో అతని ముందు నా కథ గురించి మాట్లాడి ఉంటారు, అప్పుడు గుర్తొచ్చింది.

ప్రూఫు గది:
నేను 20 ఏళ్లుగా డీటీపీ పనిలో ఉన్నాను. ఎర్రమట్టి గారూ, ఐఎస్‌బీఎన్, అదే పుస్తకం వెనక ఉండే గుర్తింపు నంబరు కోసం ఏమైనా కట్టారా?

ఎర్రమట్టి:
2,500 తీసుకున్నారన్నా. 52,000లో అది కూడా ఉంది.

ప్రూఫు గది:
అది ఉచితం. కేంద్రం కింద ఉండే రాజా రామమోహన్ రాయ్ ఏజెన్సీకి ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెడితే రచయితకే ఇస్తారు. కొంచెం ఓపిక పట్టాలి, అంతే. మొదటి పుస్తకం వేసేవాళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పరు. ఇంకొకటి అడుగుతాను. మీరు ఫోన్‌లో యూనికోడ్‌లో టైప్ చేసి పంపారా? దాన్ని అచ్చు పనికి వాడే 'అను' ఫాంట్‌లోకి మారిస్తే కొన్ని చోట్ల ఒత్తులు ఎగిరిపోతాయి. ప్రూఫు రెండుసార్లైనా చూడకపోతే అచ్చులో బయటపడతాయి.

ఎర్రమట్టి:
మూడుసార్లు చూశాను. ఒత్తులు బాగానే వచ్చాయి. ప్రూఫు చూసిన సార్ మాత్రం మా మాటను దిద్దారు. "పోయిన్రు" అన్న ప్రతి చోటా "పోయారు" అని పెట్టారు. మళ్లీ 40 పేజీలు వెనక్కి మార్పించాను. దానికీ డబ్బు తీసుకున్నారు.

కోస్గి రోడ్డు:
ఆ 160లో మన ఊళ్లకు ఎన్ని వచ్చాయి?

పిల్లలమర్రి నీడ:
పోస్టు ఖర్చు ఎవరూ చెప్పడం లేదు. రిజిస్టర్డ్ బుక్ పోస్టు తీసేశాక చిన్న రచయితలకు చాలా కష్టమైంది. 2025 మే నుంచి జ్ఞాన్ పోస్ట్ అని కొత్తది పెట్టారు. 300 గ్రాముల దాకా 20 రూపాయలు, పైన పన్ను. 192 పేజీల పుస్తకం దాదాపు అందులో సరిపోతుంది. కొరియర్ జోలికి పోకండి.

నక్రేకల్ సైకిల్:
పోస్టు గురించి తర్వాత మాట్లాడదాం. అసలు మనం అమ్మడానికి సిగ్గుపడుతున్నాం. నక్రేకల్ దగ్గర చెరువు మాదారంలో పుట్టిన వట్టికోట ఆళ్వారుస్వామి గారు హోటల్లో సర్వరుగా పనిచేశారు. 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు మోసుకుని తిరిగి అమ్మారు. నిజాం కాలంలో, తెలుగు చదవడం నేర్చుకునే వీలే తక్కువగా ఉన్న రోజుల్లో. ఆయనకు లేని సిగ్గు మనకెందుకు? నేను సైకిల్ మీద 60 బడులు తిరిగి రెండో పుస్తకం అమ్మాను. 400 పోయాయి.

ఎర్రమట్టి:
మీరంటే గౌరవం ఉంది సార్. కానీ మీరు టీచరుగా పనిచేశారు, ఏ బడికి వెళ్లినా కుర్చీ వేసి మాట్లాడిస్తారు. నేను పొద్దున 7 గంటలకు ల్యాబులో రక్తం తీయడం మొదలుపెడితే సాయంత్రం 5 దాకా నిలబడే ఉంటాను. ఒకసారి పుస్తకాల సంచితో ఒక ఆఫీసుకు వెళ్లాను. అక్కడ ఒకాయన పుస్తకం తిప్పి వెనక అట్ట మీద నా ఫోటో చూసి, "ఫోన్ నంబర్ కూడా ఇందులో ఉందా?" అని నవ్వాడు. చుట్టూ ఉన్నవాళ్లూ నవ్వారు. మళ్లీ ఏ ఆఫీసుకూ వెళ్లలేదు. ఆళ్వారుస్వామి గారి సంచి మగవాడి భుజం మీద ఉంది సార్.

తంగేడుపువ్వు:
అక్కా, ఈ మాట ఎవరో ఒకరు చెప్పాల్సిందే. నేను కవితల పుస్తకం ఆపుకున్నది ఇందుకే.

నక్రేకల్ సైకిల్:
అది తప్పే, నేను కాదనను. అయినా 160 ఊరికే ఇవ్వడానికి, దానికి సంబంధం ఏమిటి? వెల 180 కాకుండా 120 పెట్టి ఉంటే...

ప్రూఫు గది:
120 పెడితే షాపు 40 శాతం పోయి 72 వస్తుంది సార్. కాపీ పడిందే 104.

నక్రేకల్ సైకిల్:
షాపుకు ఎందుకివ్వాలి? అదే నేను మొదటి నుంచి అంటున్నది.

కోస్గి రోడ్డు:
రెండోసారి అడుగుతున్నాను. 160లో మన ఊళ్లకు ఎన్ని?

పిల్లలమర్రి నీడ:
గ్రంథాలయాలకు పెట్టారా? మనం కట్టే ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. ఆ డబ్బు మనదే. జిల్లా గ్రంథాలయాల్లో పోటీ పరీక్షల గైడ్లకే బల్లలు చాలడం లేదు. ఆ పిల్లల్ని నేనేమీ అనను, నా కొడుకూ అక్కడే చదివాడు. కానీ మన జిల్లా మనిషి రాసిన నవల మన జిల్లా గ్రంథాలయంలో లేకపోతే అడగాల్సింది మనమే.

ఎర్రమట్టి:
జిల్లా గ్రంథాలయానికి రెండు ఇచ్చాను. అవి కూడా ఉచితమే.

కోస్గి రోడ్డు:
మూడోసారి. పెద్దలకు శాలువా కప్పావు, పుస్తకం చేతికిచ్చావు. హైదరాబాద్‌లో ఏసీ హాల్లో పాలమూరు కూలీల కథ ఆవిష్కరణ చేశావు. ఆ ముఖ్య అతిథి 40 నిమిషాలు మాట్లాడింది యూట్యూబ్‌లో చూశాను. నవలలో లేని కరువు గురించి చెప్పాడు. ముందుమాట ఒక్కటే చదివి వచ్చాడని చూసేవాళ్లకు తెలిసిపోయింది. ఏ ఊరి కథ రాశావో ఆ ఊళ్లో ఒక్క మీటింగ్ ఎందుకు పెట్టలేదు?

ఎర్రమట్టి:
హైదరాబాద్‌లో పెడితేనే పత్రికల వాళ్లు వస్తారని చెప్పారు. అందుకే పెట్టాను.

కోస్గి రోడ్డు:
వచ్చారా?

ఎర్రమట్టి:
ఒకరు వచ్చారు.

నక్రేకల్ సైకిల్:
ఆ 14,000 కూడా దండగే కదా. నేను చెప్పేది అదే.

కోస్గి రోడ్డు:
సార్, మీరు చెప్పేది, నేను చెప్పేది ఒకటి కాదు. మీకు డబ్బు లెక్క. నాది అది కాదు. ఎర్రమట్టి గారు ఇక్కడ అందరికీ జవాబిస్తున్నారు, నన్ను మాత్రం దాటేస్తున్నారు. కావాలనే దాటేస్తున్నారు.

తంగేడుపువ్వు:
ఆమె డబ్బు పోయిన బాధలో ఉంది. నిలదీయడం ఎందుకన్నా? పుస్తకం చదివి మాట్లాడండి.

కోస్గి రోడ్డు:
చదివాను. ఊరికే రాలేదు నాకు. షాపులో 180 పెట్టి కొన్న 34 మందిలో నేనొకణ్ణి. రెండుసార్లు చదివాను. 117వ పేజీ అయితే ఐదుసార్లు. పుణెలో స్లాబు కింద సెంట్రింగ్ విరిగి కూలీ పడిపోతే, గుంపు మేస్త్రీ, అంటే అడ్వాన్సులిచ్చి కూలీలను పనికి తీసుకుపోయినవాడు, రాత్రికి రాత్రే అడ్వాన్సు డబ్బులు పట్టుకుని పారిపోయాడని రాశావు. పేరు మార్చావు. కానీ ఎడమ చేతికి ఆరు వేళ్లు మార్చలేదు. మా ఊళ్లో ఆరు వేళ్ల మేస్త్రీ ఒక్కడే. ఆయన మా నాయన. ఇంకా బతికే ఉన్నడు.

పిల్లలమర్రి నీడ:
అయ్యో.

కోస్గి రోడ్డు:
నాయన పారిపోలేదు. కాంట్రాక్టర్ దగ్గరికి దవాఖాన ఖర్చు అడగడానికి పోయాడు. అక్కడ నాలుగు రోజులు కూర్చోబెట్టారు, చివరికి పోలీసులకు చెప్తామని బెదిరించారు. తిరిగి వచ్చేసరికి గుంపు అంతా బస్సెక్కింది. తనిచ్చిన అడ్వాన్సుల్లో సగం ఇప్పటికీ వసూలు కాలేదు, అడగనూ లేదు. నీ పుస్తకంలో ఆయన దొంగ. ఊళ్లో ఎవరూ చదవరులే అనుకున్నావు. అందుకే ఊరికి ఒక్కటి కూడా పంపలేదు. అవునా కాదా?

(ఆ రోజు ఎర్రమట్టి నుంచి జవాబు లేదు. మధ్యలో ముగ్గురు కొత్తవాళ్లు వచ్చి, పాత్రకు, మనిషికి తేడా తెలియదా అని ఒకరు, పరువు నష్టం కేసు పెట్టమని ఒకరు, మేస్త్రీలంతా అంతే అని ఒకరు రాశారు. చివరి మాటను మోడరేటర్ తీసేశారు.)

ఎర్రమట్టి:
అవును. భయపడే పంపలేదు. డబ్బు లెక్క అడిగాను కానీ నన్ను నిద్రపోనివ్వనిది అది ఒక్కటే కాదని మీ మొదటి ప్రశ్న చూసినప్పుడే నాకు తెలిసింది.

కానీ మీరూ ఒకటి వినాలి. ఆ రోజు సెంట్రింగ్ మీద నుంచి పడింది మా చిన్నాయన. నాకు తొమ్మిదేళ్లు. బస్సులో చాపలో చుట్టి తెచ్చారు. మా నాయనమ్మ చనిపోయేదాకా "మేస్త్రీ ఉండి ఉంటే బతికేవాడు" అంటూనే ఉంది. మా ఇంట్లో చెప్పుకున్న కథ అదే. మీ నాయన నాలుగు రోజులు ఎక్కడున్నాడో మా ఇంటికి వచ్చి ఎవరూ చెప్పలేదు.

కోస్గి రోడ్డు:
ఎట్లా వస్తాడు? మీ వాళ్లు గడప తొక్కనిచ్చారా? రెండుసార్లు వచ్చి వెనక్కి పోయాడు.

ఎర్రమట్టి:
ఆ సంగతి నాకు తెలియదు. ఆరేళ్లు రాశాను. బొంబాయి బస్సెక్కి పోయి అడ్డాల మీద కూలీలతో మాట్లాడాను. మీ ఇంటికి మాత్రం రాలేదు. అది తప్పు.

నక్రేకల్ సైకిల్:
చెల్లె, తమ్ముడూ, ఇద్దరికీ చెబుతున్నాను. నేను ఇంతసేపు డబ్బు గురించే మాట్లాడాను. నన్ను క్షమించండి. కానీ ఒక్కటి. మంచం కింద 197 ఉన్నాయి. అవి ఇక ముందు అమ్మినా, ఊరికే ఇచ్చినా ఆ 117వ పేజీతోనే పోతాయి కదా. దాని సంగతి ఏమిటి?

ప్రూఫు గది:
ఒక చిన్న చీటీ వేసి మొదటి పేజీలో అతికించవచ్చు. తప్పొప్పుల పట్టిక వేస్తాం చూడండి, అట్లా. 197 చీటీలకు పెద్ద ఖర్చు కాదు, నేనే వేసిస్తాను, డబ్బు వద్దు.

ఎర్రమట్టి:
మీ మనసు మంచిది అన్నా. కానీ అది అచ్చుతప్పు కాదు. నేను రాసింది. "పోయిన్రు"ను దిద్దితే 40 పేజీలు వెనక్కి మార్పించినదాన్ని, ఆ పేజీ ఒక్కసారి కూడా ఎవరినీ అడగలేదు.

కోస్గి రోడ్డు:
చీటీ మాకొద్దు. నాయనకు చదవడం రాదు, నేనే చదివి వినిపించాను. ఆ పేజీ దగ్గర ఆపమన్నాడు. తర్వాత మొత్తం చదవమన్నాడు. అయిపోయాక మీ చిన్నాయన పేరు ఒక్కటే అన్నాడు.

ఎర్రమట్టి:
ఆదివారం ల్యాబు ఉండదు. పొద్దున బస్సుకు వస్తే ఇంట్లో ఉంటారా?

కోస్గి రోడ్డు:
నాయన ఎక్కడికీ పోడు. పుస్తకం తేవద్దు. ఊరికే రా.