అత్యవసర పరిస్థితి పేరుతో తుపాకీ హక్కును గవర్నరు నిలిపివేయవచ్చా?

ప్రశ్న

అమెరికాలోని న్యూ మెక్సికో రాష్ట్ర గవర్నరు (అక్కడ ఎన్నికైన రాష్ట్ర ప్రభుత్వాధిపతి) మిషెల్ లుహాన్ గ్రిషమ్ 2023 సెప్టెంబరు 8న ప్రజారోగ్య అత్యవసర పరిస్థితిని ఆధారం చేసుకుని, అల్బకర్కీ నగరంలోను, అది ఉన్న బెర్నలీయో కౌంటీలోను (జిల్లా వంటిది) లైసెన్సు ఉన్నవారు సైతం బహిరంగ ప్రదేశాలకు తుపాకీ తీసుకువెళ్లకూడదని 30 రోజుల పాటు నిషేధించారు. అంతకు రెండు రోజుల ముందు బేస్‌బాల్ మైదానం బయట జరిగిన కాల్పుల్లో 11 ఏళ్ల బాలుడు చనిపోయాడు. ఆ బాధ ఎంత నిజమైనదో నాకు తెలుసు. అయితే, అంటువ్యాధి వేళ గుమికూడవద్దని ఆజ్ఞాపించే అధికారం ప్రభుత్వానికి ఉన్నప్పుడు, తుపాకీ హింసను కూడా ప్రజారోగ్య సమస్యగా ప్రకటించి అదే అధికారాన్ని వాడటం ఎందుకు తప్పవుతుంది?

సమాధానం 1

ఆ నిషేధం అయిదు రోజులు కూడా సరిగా నిలవలేదు. సెప్టెంబరు 13న ఫెడరల్ (కేంద్ర) కోర్టు న్యాయమూర్తి డేవిడ్ యూరియాస్ దానిని తాత్కాలికంగా నిలిపివేశారు. అప్పటికే గవర్నరు సొంత పార్టీకి చెందిన రాష్ట్ర అటార్నీ జనరల్ (ప్రభుత్వ ప్రధాన న్యాయవాది) ఆ ఉత్తర్వు తరఫున వాదించలేనని లేఖ రాశారు. కౌంటీ పోలీసు అధిపతి అయిన షెరీఫ్ దానిని అమలు చేయనన్నారు.

మీరు అడిగిన తేడా ఇక్కడ ఉంది. మశూచి టీకా వేయించుకోని వ్యక్తికి అయిదు డాలర్ల జరిమానా విధించడాన్ని సుప్రీంకోర్టు 1905లో సమర్థించిన మాట నిజమే. కానీ తుపాకీ కలిగి ఉండటం అమెరికా రాజ్యాంగం రెండో సవరణ కాపాడే హక్కు. ఆ విషయంలో సుప్రీంకోర్టు 2022లో ఇచ్చిన బ్రూయెన్ తీర్పు తరువాత, లక్ష్యం మంచిదని ప్రభుత్వం చెబితే సరిపోదు. ఆ ఆంక్షకు దేశ చరిత్రలోని ఆయుధ నియంత్రణ సంప్రదాయంలో ఆధారం చూపాలి. లైసెన్సు పొందిన పౌరులందరినీ నగరమంతటా నిరాయుధులను చేసిన సంప్రదాయాన్ని చూపడం దాదాపు అసాధ్యం.

సమాధానం 2

ఈ చర్చలో కత్రినా తుపానును మరచిపోకూడదు. 2005 ఆగస్టు చివర న్యూ ఓర్లీన్స్ మునిగిపోయి, ఫోన్లు పనిచేయక, పిలిచినా పోలీసులు రాలేని రోజుల్లో, ఆయుధాలు పోలీసుల దగ్గర తప్ప ఎవరి దగ్గరా ఉండకూడదని నగర పోలీసు అధిపతి ప్రకటించారు. ఏ నేరమూ చేయనివారి ఇళ్ల నుంచి కూడా తుపాకులు తీసుకుపోయారు. చాలామందికి రసీదు కూడా ఇవ్వలేదు. సెప్టెంబరు 23న ఫెడరల్ కోర్టు ఆ జప్తును ఆపి, తుపాకులు తిరిగి ఇవ్వమంది. తమ దగ్గర అలాంటివి లేవని మొదట చెప్పిన నగరం, సుమారు వెయ్యి ఉన్నట్టు 2006లో ఒప్పుకుంది. మనిషి తనను తాను కాపాడుకోవలసిన అవసరం అత్యంత ఎక్కువగా ఉన్న వేళనే ఆ హక్కును లాగేసుకున్నారన్నది నన్ను ఇప్పటికీ కలచివేస్తుంది.

అదే ఏడాది, అంటే 2006లో, విపత్తు వేళ చట్టబద్ధమైన తుపాకులను జప్తు చేయకుండా అమెరికా పార్లమెంటు అయిన కాంగ్రెస్ చట్టం చేసింది. అయితే ఆ చట్టం గుడ్డిది కాదు: సహాయక పడవ, బస్సు వంటి వాహనం ఎక్కేముందు తుపాకీని అప్పగించమని అడగవచ్చు, ప్రయాణం ముగియగానే తిరిగి ఇచ్చేయాలి.

సమాధానం 3

పైవారితో చాలావరకు ఏకీభవిస్తాను గాని, ఈ హక్కుకు హద్దులే లేవని ఎవరూ అనుకోకూడదు. గృహహింస కేసులో ఎదుటివారి భద్రతకు ప్రమాదమని కోర్టు తేల్చిన వ్యక్తి నుంచి తాత్కాలికంగా తుపాకీ దూరం చేయవచ్చని 2024లో రహీమీ కేసులో సుప్రీంకోర్టు 8–1తో తీర్పు ఇచ్చింది. అక్కడ ఒక వ్యక్తి, అతని నుంచి ముప్పు, కోర్టు విచారణ, మూడూ ఉన్నాయి. అల్బకర్కీ ఉత్తర్వులో ఆ మూడింటిలో ఒక్కటీ లేదు.

అత్యవసర పరిస్థితి కొత్త అధికారాన్ని పుట్టించదని 1934లో చెప్పిన సుప్రీంకోర్టే, అదే తీర్పులో గృహరుణాలు తీర్చడానికి అదనపు సమయం ఇచ్చిన మిన్నెసోటా రాష్ట్ర చట్టాన్ని నిలబెట్టింది. ఎందుకంటే అది శాసనసభ చేసిన చట్టం, దానికి గడువు ఉంది, అప్పు రద్దు కాలేదు. గవర్నరు ఒక్కరే సంతకం చేసే ఉత్తర్వును ఈ కొలతతో చూస్తే, నా దృష్టిలో అసలు లోపం తుపాకీ కన్నా ముందే మొదలవుతుంది.

ప్రశ్న అడిగినవారు

ధన్యవాదాలు. తరువాత నిషేధాన్ని పార్కులు, పిల్లల ఆటస్థలాలకు కుదించారు కదా, అది నిలిచిందా?

సమాధానం 1

కొంతవరకు నిలిచింది. సెప్టెంబరు 15న కుదించిన ఆ ఉత్తర్వును ఆపడానికి యూరియాస్ అక్టోబరులో నిరాకరించారు. డిసెంబరులో మరో కేసులో అదే కోర్టుకు చెందిన మరో న్యాయమూర్తి పార్కుల నిషేధాన్ని ఆపి, ఆటస్థలాల నిషేధాన్ని మాత్రం కొనసాగనిచ్చారు. పిల్లలు చేరే చోటును పాఠశాలతో పోల్చడం వారికి సమంజసంగా తోచింది. ఊరి పార్కు విషయంలో అలాంటి పోలిక కుదరలేదు.