బండి త్వరణం సగమే వస్తోంది, తప్పు ఎక్కడ?

అడిగినవారు: సార్లకీ మేడమ్‌లకీ నమస్కారం. 9వ తరగతికి చలనం పాఠం నడుస్తోంది. ల్యాబ్‌లో ట్రాలీ లేదు కాబట్టి ఒక బొమ్మ లారీ తీసుకుని, 120 సెంటీమీటర్ల చెక్కపలక ఒక చివర 6 సెంటీమీటర్ల ఎత్తు వచ్చేలా పుస్తకాలు పెట్టి వదులుతున్నాం. 1 మీటరు దూరానికి మూడుసార్లు చూస్తే 2.0, 2.1, 2.2 సెకన్లు. సరాసరి 2.1. వేగం 1/2.1 అంటే 0.48 మీ/సె. దాన్ని మళ్ళీ 2.1తో భాగిస్తే త్వరణం 0.23. లెక్క ప్రకారం 9.8 × 6/120, అంటే 0.49 రావాలి కదా! ఇరుసులకి నూనె వేసినా అంతే. ఘర్షణ సగానికి సగం తినేస్తుందా? ఎల్లుండి పిల్లలతో చేయించాలి, టెన్షన్‌గా ఉంది.

జవాబు: మాస్టారూ, ఘర్షణను ఊరికే ఆడిపోసుకోకండి, తప్పు భాగహారంలో ఉంది. మీకు వచ్చిన 0.48 సరాసరి వేగం. బండి సున్నాతో బయల్దేరి సమత్వరణంతో దిగుతోంది కాబట్టి కింది గీత దాటేటప్పుడు దాని వేగం అందుకు రెట్టింపు, 0.95. త్వరణం కట్టడానికి కావాల్సింది ఆ తుదివేగం. 0.95ని 2.1తో భాగించండి, 0.45 వస్తుంది. నేరుగా 2s/t² (s దూరం, t కాలం) కట్టినా అదే. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇదే తప్పు బోర్డు మీద చేస్తే వెనక బెంచీ అమ్మాయి లేచి, "సార్, కిందికొచ్చాక కూడా సరాసరి వేగమేనా?" అంది. ఇప్పటికీ మర్చిపోలేదు.

అడిగినవారు: అయ్యో, ఎంత చిన్న విషయం! థాంక్యూ సార్. మరి 0.45కీ 0.49కీ ఆ తేడా?

జవాబు: అందులో కొంత ఘర్షణ, కొంత మీ బొటనవేలు. స్టాప్‌వాచ్ నొక్కడంలో 0.1 సెకను అటూ ఇటూ అయితే కాలంలో 5 శాతం తప్పు, అది వర్గం అవుతుంది కాబట్టి త్వరణంలో దాదాపు 10 శాతం. అందుకే ఆ తేడా గురించి పెద్దగా వాదించలేం. ఒకే దూరం కాకుండా 25, 50, 75, 100 సెంటీమీటర్లకి విడివిడిగా కాలం తీయించి, t² అడ్డంగా, s నిలువుగా గ్రాఫ్ గీయించండి. సరళరేఖ వస్తుంది, దాని వాలుని రెట్టింపు చేస్తే త్వరణం. 25 దగ్గర సుమారు ఒక్క సెకనే ఉంటుంది, ఆ చుక్క గీత మీద కూర్చోకపోతే కంగారు పడకండి.

ఇంకొకరు: స్టాప్‌వాచ్ పక్కన పెట్టి ఫోన్‌తో వీడియో తీయండి మేడమ్ గారూ లేదా సార్ గారూ, పేరు చూసి తెలియలేదు. పలక అంచుకి దర్జీ టేపు అంటించి, ఫోన్‌ని రెండు మీటర్ల దూరంలో పలక మధ్యకి ఎదురుగా కదలకుండా పెట్టండి. స్లోమోషన్ వద్దు, మామూలుగా తీస్తే చాలా ఫోన్లలో సెకనుకి 30 ఫ్రేములు, కానీ నమ్మేయకుండా ముందు ఒక స్టాప్‌వాచ్‌ని వీడియో తీసి సరిచూసుకోండి. తర్వాత ఆరేసి ఫ్రేములకి ఆపుతూ, అంటే 0.2 సెకన్లకోసారి, లారీ ముందు చక్రం టేపు మీద ఎక్కడుందో రాసుకోవడమే. మా పిల్లలు మీలాంటి వాలు మీదే తీసినవి: 4.7, 9.7, 16.6, 25.1, 35.6, 47.8. మధ్య దూరాలు 5.0, 6.9, 8.5, 10.5, 12.2. ఒక్కోదాన్ని 0.2తో భాగిస్తే వేగాలు 25 నుంచి 61 సెం.మీ/సె దాకా పెరిగాయి. ఆ రెండు వేగాల మధ్య గడిచింది 0.8 సెకన్లు, కాబట్టి 36/0.8, అంటే 45 సెం.మీ/సె². మీకు వచ్చిన 0.45 అదే. వేగం పెరగడం పిల్లలకి అంకెల్లో కనపడేది ఇక్కడే, స్టాప్‌వాచ్‌తో అది కనపడదు.

మరొకరు: లారీ ఎందుకు, గోళీ చాలదా?

జవాబు: చాలు, కానీ గోళీ దొర్లుతుంది కదా, తిరగడానికి కొంత శక్తి పోతుంది. చదునైన పలక మీద జారకుండా దొర్లితే 0.49లో 5/7 వంతు, అంటే 0.35 మాత్రమే వస్తుంది. గాడిలో అయితే ఇంకా తక్కువ. చిన్న తేలిక చక్రాల బండికి ఆ బెడద తక్కువ.

అడిగినవారు: ఇవాళ చేయించాం. నాలుగు జట్లకి 0.42 నుంచి 0.46 మధ్య వచ్చింది. ఒక జట్టుకి మాత్రం 0.60! వాళ్లు గెలిచినట్టు చప్పట్లు కూడా కొట్టుకున్నారు.

జవాబు: ఆ వాలు 0.49 కంటే ఎక్కువ ఇవ్వదు, వదిలేవాడు చేత్తో కాస్త తోసి ఉంటాడు. తొలివేగం సున్నా కాకపోతే 2s/t² పనికిరాదు. లారీ ముందు స్కేలు అడ్డం నిలబెట్టి, స్కేలుని చటుక్కున పైకి తీసేయమనండి. వీడియో పద్ధతిలో అయితే మొదట తోసినా ఫర్వాలేదు, చెయ్యి వదిలాక వచ్చిన ఫ్రేములే తీసుకుంటే వేగం పెరిగే తీరు మారదు. ఆ జట్టు చేత రెండో పద్ధతిలో మళ్ళీ చేయించి చూడండి.