పాత వేట రైఫిల్‌కి బైపాడ్ పెట్టొచ్చా, ఇసుక సంచే నయమా?

అంబాజీపేట కుర్రాడు:
అందరికీ నమస్కారం అండి. మా తాతగారి .315 రైఫిల్ లైసెన్సు మార్చుకుని నా పేరు మీదికి వచ్చింది. ఇషాపూర్ ఫ్యాక్టరీది, చెక్క స్టాక్ (బ్యారెల్ కూర్చునే చెక్క భాగం). ఆయన వేట కోసం కొన్నారు, ఇప్పుడు రేంజ్‌లో కాగితం మీద కాల్చడానికి తప్ప బయటికి తీయం. ముందు చెక్కకి స్టడ్ (తగిలించే బొడిపె) వేయించి బైపాడ్, అంటే రెండు కాళ్ళ ఆసరా, బిగించాను. ఇసుక సంచి మీద 100 మీటర్లలో గ్రూప్ (కాగితం మీద తూటాలు పడ్డ గుంపు) అరచేతిలో ఇమిడేది. బైపాడ్ మీద పెట్టేసరికి పైకి, కాస్త ఎడమకి పోయింది, పైగా చెదిరిపోతోంది. తీసేస్తే మళ్ళీ పాత చోటికే వస్తోంది. మా బాబాయ్ "చెక్క తుపాకీకి ఇనప కాళ్ళేంట్రా, తీసెయ్" అంటున్నారు. రేంజ్‌లో తోటివాళ్ళేమో నా పట్టులోనే తేడా ఉందంటున్నారు. ఎవరి మాట వినాలి?

పాలకొల్లు మాస్టారు:
మీ బాబాయ్ గారి మాట వినండి. ఆ రైఫిల్ చేసిన రోజుల్లో దాన్ని చేత్తోనో సంచితోనో ఆనించాలనుకున్నారు. ముందు చెక్క సన్నగా ఉంటుంది. దాని కొసన కాళ్ళు తగిలించి, వెనక నుంచి భుజంతో నెడితే ఒత్తిడంతా ఆ సన్న చెక్క మీదే పడుతుంది. తూటాలుండే మ్యాగజైన్‌కి కొంచెం ముందు, చెక్క లావుగా ఉన్నచోట కింద మెత్తని సంచి, బట్ (భుజానికి ఆనే వెనక కొస) కింద చిన్న సంచి పెట్టండి. అంతకన్నా నిలకడైన ఆసరా ఎవరూ కొని తేలేరు.

వశిష్ఠ గట్టు:
మాస్టారూ, బల్ల మీద సంచిదే పైచేయి, అందులో వాదం లేదు. పడుకుని కాల్చేటప్పుడు ఎలా అండి? సంచులు జారుతూ ఉంటాయి, ఎత్తు కుదరదు. 15 నుంచి 23 సెంటీమీటర్ల దాకా సాగే పొట్టి కాళ్ళ బైపాడ్ ఆ పనికే చేశారు. పక్కలకి ఒరిగే రకం తీసుకుంటే నేల ఎగుడుదిగుడుగా ఉన్నా రైఫిల్ నిటారుగా నిలుస్తుంది. ఒరగని రకం పెట్టి రైఫిల్‌ని వాల్చి కాలిస్తే తూటా వాలిన వైపుకి, కొంచెం కిందికి పోతుంది. తమ్ముడి గ్రూప్ పోయింది పైకి కాబట్టి ఇక్కడ కారణం అది కాదు. చెదరడానికి మాత్రం రేంజ్‌లోని గచ్చు కారణం కావచ్చు. గట్టి గచ్చు మీద కాళ్ళు ఎగురుతాయి, ప్రతిసారీ ఒకేలా ఎగరవు. కింద పీచు పట్టా వేసి చూడమనండి. మన కోనసీమలో కొబ్బరి పీచుకి కరువా!

లంకపొలం:
మా లంకలో అడవి పందులు కంద చేలు పాడుచేస్తున్నాయి. గట్టు మీద పడుకుని కాల్చడానికి ఈ బైపాడ్ పనికొస్తుందా?

నిర్వాహకుడు:
లంకపొలం గారూ, ఆ ప్రశ్నకి ఇక్కడ జవాబు ఉండదు. అనుమతి లేకుండా అడవి పందిని కాల్చడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. పంట నష్టం గురించి అటవీ శాఖ వారికి అర్జీ పెట్టుకోండి. మిగతావారు చర్చ కొనసాగించండి.

చెక్కపని:
సంచా బైపాడా అని తేల్చేముందు ఆ రైఫిల్‌లో బ్యారెల్ చెక్క మీద ఎలా కూర్చుందో చూడాలి. అది తెలియకుండా ఇద్దరిలో ఎవరు రైటో చెప్పలేం.

తమ్ముడూ, ముందు మ్యాగజైన్ తీసెయ్, తుపాకీ బోల్ట్ (తూటా వెనక మూసే కడ్డీ) బయటికి లాగెయ్, తూటా కూర్చునే ఛాంబర్‌లో వేలు పెట్టి ఖాళీ అని చూసుకో. తరవాత ఒక పది రూపాయల నోటుని మడతలేకుండా బ్యారెల్ కిందికి, చెక్కకీ ఇనుముకీ మధ్య దూర్చు. రెండు అంచులూ పట్టుకుని యాక్షన్ (బోల్ట్ ఉండే ఇనప భాగం) వైపు లాగుతూ పో. ఎక్కడ ఆగిందో అక్కడ పెన్సిల్‌తో చిన్న గీత పెట్టు. ఇదే పని మూడుసార్లు చెయ్యాలి: బైపాడ్ లేకుండా ఒకసారి, బిగించి ఊరికే నిలబెట్టి ఒకసారి, వెనక నుంచి ఎవరైనా భుజంతో ముందుకి నెడుతుండగా ఒకసారి. మొదటిసారి సాఫీగా జారిన నోటు మూడోసారి బిగుసుకుందంటే చెక్క వంగి బ్యారెల్‌ని తాకుతున్నట్టే. గ్రూప్ పైకి పోవడానికి అది చాలు. ఎడమకి పోవడం బైపాడ్ దవడ (స్టడ్‌ని పట్టుకునే భాగం) ఒకవైపు ఎక్కువ బిగిసినందువల్ల కావచ్చు.

స్టడ్ సంగతి కూడా చూడు. చెక్కలోకి నేరుగా దిగే మర స్క్రూ స్లింగ్‌కి (భుజాన వేసుకునే పట్టీకి) సరిపోతుంది, బైపాడ్ లాగుడుకి ఆగదు. కొన్నాళ్ళకి మెల్లగా పైకి లేస్తుంది. బైపాడ్‌కి లోపల నట్ ఉన్న బోల్ట్ రకం స్టడ్ కావాలి. దానికి ఇంకో ప్రమాదం ఉంది. ఆ స్టడ్ బోల్ట్ పొడుగైతే కొస బ్యారెల్ కూర్చునే గాడిలోకి పొడుచుకొచ్చి కింది నుంచి ఇనుముని తాకుతుంది. నీకు బైపాడ్ తీస్తే గ్రూప్ వెనక్కి వస్తోంది కాబట్టి అది కాకపోవచ్చు, అయినా చూసుకో.

ఇక మన గాలి. వర్షాకాలంలో స్టాక్ చెక్క తేమ పీల్చి ఉబ్బుతుంది. పైన పాలిష్ మెరుస్తున్నా లోపలి గాడి చాలావాటిలో పచ్చిగానే ఉంటుంది, నీళ్ళు పట్టేది అక్కడే. 2024 మే ఎన్నికలకి తుపాకులు డిపాజిట్ చేసి ఫలితాలయ్యాక తెచ్చుకున్నవాళ్ళు కొందరు వానలు పడ్డాక నా దగ్గరికి ఇదే గోలతో వచ్చారు, గ్రూప్ మారిపోయిందని. గాడికి అవిసె నూనె పల్చగా పట్టించి, ఆరాక మళ్ళీ పట్టించాలి. కొబ్బరి నూనె మాత్రం వద్దు. శీతాకాలం తెల్లవారుజామున అది గడ్డకడుతుంది, తరవాత కమురుతుంది, దుమ్ముని పట్టుకుంటుంది.

యానాం గాలి:
నాది ఎయిర్ రైఫిల్ అండి, స్ప్రింగ్ రకం, 4.5 మిల్లీమీటర్లు, పెల్లెట్ శక్తి 20 జౌల్స్ లోపు, అంచేత లైసెన్సు అక్కర్లేనిది. దీనికి కూడా బైపాడ్ పెడితే చెదురుతోంది. బ్యారెల్ చెక్కకి ఎక్కడా తగలడం లేదు. మరి?

పాలకొల్లు మాస్టారు:
బాబూ, స్ప్రింగ్ తుపాకీ కథ వేరు. ట్రిగ్గర్ నొక్కాక లోపల బరువైన పిస్టన్ ముందుకి దూకుతుంది, తుపాకీ వెనక్కి జరుగుతుంది. పిస్టన్ చివరికి చేరి ఆగేసరికి తుపాకీ మళ్ళీ ముందుకి తన్నుతుంది. పెల్లెట్ బ్యారెల్ దాటకముందే ఈ అలజడి మొదలైపోతుంది. తుపాకీని స్వేచ్ఛగా జరగనిస్తే ప్రతిసారీ ఒకేలా జరుగుతుంది. కాళ్ళు నేలకి తన్నిపెడితే ఒకసారి ఒకలా, ఇంకోసారి ఇంకోలా అడ్డుపడతాయి. అరచేతిని సంచి మీద తెరిచిపెట్టి, దాని మీద తుపాకీని ఊరికే ఆనించు, గట్టిగా పట్టుకోకు. ముందే నింపిన గాలితో కాల్చే పీసీపీ రకానికి ఈ బాధ ఉండదు, దానికి బైపాడ్ పెట్టుకో.

వశిష్ఠ గట్టు:
ఇది ఒప్పుకుంటున్నాను. స్ప్రింగ్ తుపాకీకి బైపాడ్ వద్దు.

అంబాజీపేట కుర్రాడు:
చెక్కపని అన్నా, నోటు పెట్టి చూశానండి. బైపాడ్ లేకుండానే చెక్క ముందు కొస దగ్గర పట్టేసింది. కొసకి వెనక మొత్తం సాఫీగా జారింది. బైపాడ్ బిగించి నెట్టాక కొస దగ్గర అసలు దూరనేలేదు. స్టడ్ బోల్ట్ కొస గాడిలోకి రాలేదు. ఆ కొసని సాండ్‌పేపర్‌తో రుద్దేస్తే సరిపోతుందా?

చెక్కపని:
ఆగు, ఆ కొసని ముట్టుకోకు! లీ-ఎన్‌ఫీల్డ్ (పాత బ్రిటిష్ సైన్యం రైఫిల్) వంశంలో అది తప్పు కాకపోవచ్చు. ఆ వంశంలోని నంబర్ 4 రైఫిళ్ళలో చెక్క కొస బ్యారెల్‌ని కింది నుంచి కాస్త పైకి నొక్కేలా కావాలనే అమర్చేవాళ్ళు. సన్న బ్యారెల్ కంపనం ప్రతిసారీ ఒకేలా ఉండాలని. నీ .315 కూడా ఆ యాక్షన్ కుటుంబమే. సంచి మీద బాగా పడుతోందంటే ఆ నొక్కుడు సరిగ్గానే ఉంది. దాన్ని రుద్దేస్తే బైపాడ్ మీద బాగుపడుతుందన్న హామీ లేదు, సంచి మీద ఉన్న గ్రూప్ కూడా పోవచ్చు. తీసిన చెక్క మళ్ళీ రాదు. బైపాడ్ ఆ నొక్కుడుని పెంచుతోంది, నువ్వు నెట్టిన బలాన్ని బట్టి అది మారుతోంది. గ్రూప్ చెదరడానికి కారణం అదే.

నా మాట ఇది. బ్యారెల్ పూర్తిగా విడిగా ఉండే కొత్త రైఫిళ్ళకి బైపాడ్ హాయిగా పెట్టుకోవచ్చు. కొస నొక్కే పాత చెక్క రైఫిల్‌కి వద్దు. తాతగారి చెక్కని బైపాడ్ కోసం మార్చొద్దు.

వశిష్ఠ గట్టు:
అన్నా, నాకు ఇంకా అనుమానమే. బైపాడ్ మీదే సైట్ సరిచేసుకుని, ప్రతిసారీ ఒకే బరువుతో నెట్టడం అలవాటు చేసుకుంటే సరిపోదా? ఎప్పుడూ బైపాడ్ మీదే కాల్చేవాడికి సంచి మీద ఎక్కడ పడితే ఏంటి?

చెక్కపని:
పడే చోటు మారడం ఒక్కటే అయితే నువ్వన్నట్టు సైట్ తిప్పేసుకోవచ్చు. చెదరడాన్ని సైట్ ఏం చేస్తుంది? ఒకే బరువుతో నెట్టడం సాధనతో వస్తుంది, ఒప్పుకుంటాను. ఈ నెల ఉన్న చెక్క వచ్చే వానల్లో ఇలాగే ఉంటుందని నువ్వు రాసిస్తావా?

వశిష్ఠ గట్టు:
రాసివ్వలేను. పీచు పట్టా వేసి, మెల్లగా నెట్టి ఒకసారి కాల్చి చూడమనే అంటాను. అప్పటికీ చెదిరితే తీసెయ్యమనండి.

అంబాజీపేట కుర్రాడు:
పట్టా వేసి చూశాను గట్టు అన్నా. కొంచెం దగ్గరపడింది, సంచి మీద ఉన్నంత లేదు. బైపాడ్ తీసేశాను. ఆ బోల్ట్ కన్నం ఏం చెయ్యమంటారు? తీసేసి టేకు పుల్ల కొట్టి జిగురు పెట్టనా?

చెక్కపని:
అలాగే ఉంచు, స్లింగ్‌కి పనికొస్తుంది. బోల్ట్ ఒకసారి విప్పి, కన్నం లోపలికి అవిసె నూనె పట్టించి, ఆరాక బిగించు. విప్పినప్పుడు కన్నం చుట్టూ నల్లగా కనిపిస్తే తేమ పట్టిందని. అప్పుడు ఫొటో పెట్టు, చూస్తాను.

పాలకొల్లు మాస్టారు:
సంచిలో పోసే ఇసుకని పొయ్యి మీద వేయించి, చల్లారాక నింపు బాబూ. గోదావరి ఇసుక పొడిగా కనిపిస్తుందే గానీ లోపల తేమ ఉంటుంది. ఆ సంచిని రైఫిల్ ఉన్న బీరువాలో మాత్రం పెట్టకు, తుప్పు పడుతుంది.