పంటి డాక్టర్ గారి పాత కార్డులు పారేయొచ్చా?

ప్రశ్న (గాజువాక):
మా డాక్టర్ గారు రిటైరై క్లినిక్ మూసేస్తున్నారు. నేను రిసెప్షన్‌లో ఉంటాను. బీరువా నిండా పేషెంట్ల కార్డులు, ఎక్స్‌రేలు. ఎక్కువమంది స్టీల్ ప్లాంట్ వాళ్లు, ఫిషింగ్ హార్బర్ నుంచి వేటకెళ్లేవాళ్లు. పాత పేపర్లకి వేసేయమంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. ఇప్పుడే ఒక కార్డు తీశాను: "46 రూట్ కెనాల్, మెటల్ క్యాప్. 36 పీకేశాం." ఇలాంటివి ఎవరికైనా పనికొస్తాయా?

జవాబు 1:
వేసేయకండమ్మా. నేను డెంటిస్టునే. 46 అంటే కింద కుడివైపు మొదటి పెద్ద దవడ పన్ను. ఆ క్యాప్, 36 పీకిన చోట ఖాళీ, ఎక్స్‌రేలో వేర్ల ఆకారం కలిస్తే చనిపోయిన మనిషి ఎవరో గుర్తుపట్టొచ్చు. ఒంట్లో అన్నిటికన్నా గట్టిది పంటి పైపొర, అదే ఎనామెల్. ముఖం గుర్తుపట్టలేని స్థితిలోనూ పళ్లు మిగులుతాయి. అందుకే ఇంటర్‌పోల్ వేలిముద్రలు, డీఎన్‌ఏతో సమానంగా పళ్లనీ ప్రధాన ఆధారంగా తీసుకుంటుంది. 1776లోనే అమెరికాలోని బోస్టన్‌లో, వెండిపనితో పాటు పళ్లు కట్టే పనీ చేసిన పాల్ రివీర్, తాను తీగతో కట్టిన పన్ను చూసి యుద్ధంలో చనిపోయిన జోసెఫ్ వారెన్ శవాన్ని గుర్తించాడు. కానీ పోల్చడానికి బతికుండగా రాసిన రికార్డు ఉండాలి కదా! మన దగ్గర చిక్కంతా అక్కడే.

జవాబు 2:
తీసినప్పుడు సరిగా కడగని ఎక్స్‌రే ఫిల్ములు గోధుమరంగుకి తిరిగిపోతాయి, ముందు వాటిని స్కాన్ చేయించండి. పేరు, తేదీ, కుడి ఎడమలు తప్పకూడదు. ఎవరి కార్డు వాళ్లకే ఇవ్వండి, అవి వాళ్ల సొంత విషయాలు.

ప్రశ్న అడిగినవారు:
థాంక్స్ సార్. డాక్టర్ గారు ఒప్పుకున్నారు. హార్బర్ వాళ్లకి ముందు ఫోన్ చేస్తున్నాను.