సొంత ఇంటర్‌ప్రెటర్‌లో ఎర్రర్ మెసేజ్‌లు ఎలా బాగుచేయాలి?

కొత్తభాష: చిన్న ఇంటర్‌ప్రెటర్ (కోడ్ చదివి నడిపించే ప్రోగ్రామ్) రాస్తున్నాను. ఎక్కడో బ్రాకెట్ మూయకపోతే "లైన్ 212లో సింటాక్స్ ఎర్రర్" అంటుంది, ఫైల్లో ఉన్నవే 211 లైన్లు! అసలు చోటు ఎలా చూపించాలి? తప్పులన్నీ ఒకేసారి చెప్పాలా, మొదటిదానికే ఆగాలా? ఎర్రర్లకు నంబర్లు ఇవ్వడం దండగేనా?

పాతపార్సర్: బ్రాకెట్ తెరిచినప్పుడల్లా దాని లైను, కాలమ్ స్టాక్‌లో (చివర వేసిందే ముందు తీసే జాబితాలో) వేసుకో, మూసినప్పుడు తీసెయ్. చివర్లో ఏది మిగిలితే దాన్నే చూపించు. పైథాన్ కూడా 2021లో 3.10 వచ్చాకే ఈ బ్రాకెట్ మూయలేదని సూటిగా చెప్పడం మొదలుపెట్టింది.

బగ్గులబాబు: స్టాక్ సంగతి సరే, తప్పున్న చోటు చూపడానికి లైను కింద వేసే బాణం గుర్తు సంగతేంటి? స్ట్రింగ్‌లో తెలుగు ఉంటే చాలు, అది ఎక్కడో కుడిపక్కకి పోయి పడుతుంది.

పాతపార్సర్: బైట్లు లెక్కపెడితే అంతే మరి. కోడ్‌పాయింట్లు (యూనికోడ్‌లో ఒక్కో గుర్తుకిచ్చే నంబర్లు) లెక్కపెట్టు.

బగ్గులబాబు: అదీ తప్పే గురూగారూ. "క్షి" యూటీఎఫ్-8లో 12 బైట్లు, 4 కోడ్‌పాయింట్లు, తెర మీద మాత్రం ఒక్క అక్షరం. నాలుగు ఖాళీలు వదిలితే బాణం ఎక్కడ పడుతుందో మీరే చూడండి.

పాతపార్సర్: నువ్వు పుట్టకముందు నుంచీ పార్సర్లు రాస్తున్నా బాబూ. నాకు చెప్పకు.

బగ్గులబాబు: అందుకేనేమో ఇంకా ఇంగ్లీషు అక్షరాలే లెక్కపెడుతున్నారు.

నల్‌బాధితుడు: బాణం మీద కొట్టుకోవడం ఆపండి, రన్‌టైమ్‌లో, అంటే ప్రోగ్రామ్ నడిచేటప్పుడు వచ్చే ఎర్రర్ల సంగతి ఎవరికీ పట్టదా? ఒకే లైన్లో a.b.c.d.e లాగా నాలుగు చుక్కలుంటే ఏది నల్లో (ఏ విలువా లేక ఖాళీగా ఉందో) చెప్పించుకోవడానికి జావా వాళ్లం వెర్షన్ 14 దాకా ఆగాం, అదీ నడిపేటప్పుడు ఫ్లాగ్ (ఆప్షన్) పెడితేనే, 15లో గానీ దానంతటదే రాలేదు. పైథాన్ 3.11 లైన్లో ఏ ముక్క పేలిందో గీత గీసి మరీ చూపిస్తుంది. ఊరికే రాదు, ప్రతి బైట్‌కోడ్ (కోడ్‌ని మార్చి ఇంటర్‌ప్రెటర్ నడిపే రూపం) ఇన్‌స్ట్రక్షన్‌కీ కాలమ్ నంబర్లు దాచాలి, మెమరీ తింటుంది.

లెవెన్‌స్టైన్: అన్నిటికన్నా ముందు, పేరు తప్పు రాస్తే దగ్గరి పేరు చూపి "ఇదా మీరు అనుకున్నది?" అనే సలహా పెట్టండి. నేను పెట్టాక మా టీమ్‌లో నన్ను డౌట్లు అడగడమే మానేశారు.

నల్‌బాధితుడు: "ఎక్స్" దొరక్కపోతే "వై" అనా? ఒక్క అక్షరం పేర్లన్నీ ఒకదానికొకటి ఒక్క మార్పు దూరమే కదా, పేరు పొడవును బట్టి హద్దు పెట్టకపోతే చిలక జోస్యమే.

లెవెన్‌స్టైన్: పెట్టాను సార్. కోడ్ చూసి మాట్లాడండి.

కొత్తభాష: స్టాక్ పనిచేసింది, థాంక్స్ అండీ. మిగతా రెండు ప్రశ్నలు...?

సైలెంట్‌రీడర్: బాణం మానేసి ఆ ముక్కకే రంగు వేస్తే లెక్కల గోలే ఉండదుగా?

బగ్గులబాబు: లాగ్‌ని ఫైల్లోకి మళ్లించి చూడండి, రంగు బదులు ఎస్కేప్ కోడ్‌ల (రంగు మార్చమని టెర్మినల్‌కి చెప్పే గుర్తుల) చెత్త కనిపిస్తుంది. అవుట్‌పుట్ టెర్మినల్‌కి వెళ్తేనే రంగు వేసి, లేదంటే తప్పున్న ముక్కని విడిగా ఇంకో లైన్లో కొటేషన్లలో అచ్చువేయడం నయం. గురూగారు ఒప్పుకోరనుకోండి.

పాతపార్సర్: ఒప్పుకోను. కాలమ్ నంబర్ లేకపోతే ఎడిటర్ ఆ చోటికి ఎలా దూకుతుంది?